పెట్టెలోని ఆజ్ఞ, బయటి మాట

కాఫీ హోటలులో కూర్చుండి "ఒక కాఫీ" అని చెప్పినచో సర్వరు పంచదార వేసిన కాఫీని తెచ్చి బల్లపై పెట్టును. పంచదార వేయుమని మనము చెప్పలేదు, వద్దనియు చెప్పలేదు. ఏమియు చెప్పనప్పుడు ఏమి చేయవలెనో వంటయింటిలో ముందే నిర్ణయింపబడియున్నది. మధుమేహము గల పెద్దమనిషి "పంచదార లేకుండ" అని రెండు మాటలు చెప్పగానే ఆ నిర్ణయము ఆ ఒక్క కప్పు వరకు మారును. ప్రక్క బల్లవారి కాఫీ మారదు. వంటయింటి పద్ధతియు మారదు.

కంప్యూటరు శాస్త్రములో ఇట్టి ముందు నిర్ణయమునకు డిఫాల్టు అని పేరు. దానిని ఒకసారికి త్రోసివేసి మన మాటను చెల్లించుకొనుటకు ఓవర్‌రైడు అని పేరు. నేడు ప్రపంచమందలి పెద్ద పెద్ద కంప్యూటరు సేవలలో అనేకము సాఫ్టువేరు కంటెయినరులలో నడుచుచున్నవి. ప్రతి కంటెయినరునకును తెరువగానే ఏ పని చేయవలెనో తెలుపు డిఫాల్టు ఆజ్ఞ యొకటి ఉండవచ్చును. దానిని మార్చు అధికారము మాత్రము నడపువానికే కలదు. ఈ అధికారము ఎట్లు వచ్చినది? పెట్టెను చేసినవాని మాట చెల్లవలెనా, తెరచినవాని మాట చెల్లవలెనా? ఈ ప్రశ్నకు సమాధానము అరువది సంవత్సరముల చరిత్రలో దొరకును.

అట్టముక్కల కాలము

1964 ఏప్రిల్ 7వ తేదీన ఐబియమ్ సంస్థ సిస్టమ్ 360 అను కంప్యూటర్ల కుటుంబమును ప్రకటించినది. వాటిని నడపుటకు తయారైన ఓయెస్ 360 అను నిర్వాహక వ్యవస్థ 1966లో వాడుకలోనికి రాసాగినది. ఆ దినములలో కంప్యూటరునకు పని చెప్పుట యనగా రంధ్రములు పొడిచిన అట్టముక్కల కట్ట నొకదానిని అందించుటయే. ఒక్కొక్క కార్డులో 80 అక్షరములు పట్టును. ఏ ప్రోగ్రాము నడువవలెను, దానికి ఏ దత్తాంశములు కావలెను, ఫలితము ఎచ్చట వ్రాయవలెను అను సంగతులను జాబ్ కంట్రోల్ అను భాషలో ఈ కార్డులపై పొడువవలసి యుండెను.

ఒక ఫోర్‌ట్రాన్ ప్రోగ్రామును నడపవలెనన్నచో మూడు మెట్లు కావలెను. మొదట దానిని యంత్రభాషలోనికి మార్చవలెను, తరువాత ఇతర భాగములతో జోడింపవలెను, పిమ్మట నడపవలెను. ప్రతి విద్యార్థియు ప్రతి సారియు ఈ మెట్లకు కావలసిన కార్డులన్నియు పొడుచుకొనుట వృథా శ్రమ. అందుచేత ఈ కార్డుల సముదాయమును ఒక పేరు పెట్టి యంత్రములోనే భద్రపరచు పద్ధతి ఏర్పడినది. దీనికి కేటలాగు ప్రొసీజరు అని పేరు. వాడుకరి ఎగ్జెక్ అను ఒక్క కార్డుపై ఆ పేరు వ్రాసిన చాలును. తక్కిన కార్డులన్నియు తమంతట తామే వచ్చి చేరును.

కాని ఒకనికి ఆ ముందు నిర్ణయములలో ఒకటి నచ్చలేదనుకొందము. భాషాంతరము చేయు మెట్టునకు వేరొక సూచన ఇయ్యవలెనని అతని కోరిక. అప్పుడతడు భద్రపరచిన దానిని తాకనక్కరలేదు. తన ఎగ్జెక్ కార్డుపైననే ఫలానా మెట్టునకు ఫలానా సూచన అని వ్రాసినచో, ఆ ఒక్క పనికి ఆ సూచనయే చెల్లును. తరువాతి వాడుకరికి పాత నిర్ణయమే నిలిచియుండును. పంచదార లేని కాఫీ కథయే ఇది. డిఫాల్టును సొరుగులో ఉంచి, మార్పును చేతిలోని కార్డుపై వ్రాయు ఈ పద్ధతి మన కథకు మొదటి మెట్టు.

ఆజ్ఞ యనగా మాటల వరుస

రెండవ మెట్టు అమెరికాలోని న్యూజెర్సీలో, బెల్ ప్రయోగశాలలలో పడినది. 1969లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ, వారి సహచరులు పిడిపి 7 అను చిన్న కంప్యూటరుపై యూనిక్స్ అను వ్యవస్థను ప్రారంభించిరి. దానిలో క్రొత్త పనిని పుట్టించుటకు ఫోర్క్ అను సాధన మొకటి యున్నది. నడుచుచున్న ప్రోగ్రామునకు అచ్చముగా అటువంటిదే మరొకటి పుట్టించుట దీని పని. పిడిపి 7పై దీనిని వ్రాయుటకు 27 పంక్తులు మాత్రమే పట్టినవని రిచీ తరువాత చెప్పియున్నారు.

1971 నవంబరు 3వ తేదీ గల యూనిక్స్ మొదటి కూర్పు పుస్తకము నాటికి ఫోర్క్‌తో పాటు ఎగ్జెక్ అను సాధనము కూడ కనిపించును. ఫోర్క్ పుట్టించిన నకలును ఎగ్జెక్ వేరొక ప్రోగ్రాముగా మార్చివేయును. ఎగ్జెక్‌కు ఇయ్యవలసినవి రెండే: ప్రోగ్రాము పేరు, దానికి చెప్పవలసిన మాటల వరుస. ఆ మాటలను పరీక్షించుటగాని, అవి ఎవరు వ్రాసినవో విచారించుటగాని కెర్నెలు చేయదు. కెర్నెలు అనగా యంత్రమునకును ప్రోగ్రాములకును నడుమ నిలిచి అన్నిటిని నడపు మూల ప్రోగ్రాము. ఆ మాటలు మనిషి మీటలు నొక్కి వ్రాసినవి కావచ్చును, ఫైలులో పూర్వము వ్రాసియుంచినవి కావచ్చును; కెర్నెలునకు రెండును ఒకటే.

ఈ నిర్లిప్తతలోనే గొప్ప సౌకర్యము దాగియున్నది. ఆజ్ఞ అనునది ప్రోగ్రాము కడుపులో కలిసిపోలేదు. బయట మాటల వరుసగా నిలిచినది. బయట ఉన్నదానిని మార్చుట తేలిక. ఉదాహరణకు 1979లో వెలువడిన యూనిక్స్ ఏడవ కూర్పులో ప్రతి వాడుకరికి పాస్‌వర్డు ఫైలులో ఒక పంక్తి గలదు. ఆ వాడుకరి లోనికి రాగానే ఏ ప్రోగ్రాము నడువవలెనో ఆ పంక్తి చివర వ్రాయబడును. ఆ స్థలము ఖాళీగా నున్నచో షెల్ నడచును. మనము వ్రాయు ఆజ్ఞలను అందుకొని ఒక్కొక్కదానిని నడపు ప్రోగ్రామునకే షెల్ అని పేరు. ఏమియు చెప్పకున్న షెల్, చెప్పినచో చెప్పినది: నియమ మింతే.

గోడ కట్టిన గది

ఆ ఏడవ కూర్పులోనే ఛ్‌రూట్ అను చిన్న సాధనము కూడ చేరినది. దాని పని ఒక ప్రోగ్రామునకు ఫైళ్ల వృక్షములో ఒక కొమ్మనే మొత్తము వృక్షముగా చూపుట. ఆ ప్రోగ్రాము దృష్టికి ఆ కొమ్మకు అవతల ప్రపంచము లేదు. అయినను అది పూర్తి గోడ కాదు. అధికారము గల ప్రోగ్రాము దానిని దాటి రాగలదు. నేటి లినక్సులో ఈ పేరుగల ఆజ్ఞను వాడునప్పుడు కొమ్మ పేరు చెప్పి, తరువాత నడుపవలసిన ప్రోగ్రామును చెప్పుదుము. రెండవది చెప్పకపోయినచో షెల్ తెరచుకొనును.

నిజమైన గోడను 2000 మార్చిలో వెలువడిన ఫ్రీబియెస్‌డి 4.0 కూర్పు కట్టినది. పాల్ హెన్నింగ్ కాంప్ రూపొందించిన ఆ సాధనమునకు జైలు అని పేరు. దానిని నడపువాడు గదికి మూలమైన కొమ్మను, గది పేరును, దాని నెట్‌వర్కు చిరునామాను చెప్పి, చివర ఆజ్ఞను వ్రాయవలసి యుండెను. ఇచ్చట ముఖ్యమైన సంగతి యొకటి కలదు. గది యున్నది, గదిలో సామాను ఉన్నది, కాని ఆ సామానుతో ఏమి చేయవలెనో తెలుపు చీటీ ఆ సామానుతో పాటు ప్రయాణము చేయుట లేదు. దానిని తెరచువాడే తెలిసికొని యుండవలెను.

లినక్సు కెర్నెలులో ఇట్టి గోడలు ముక్కలు ముక్కలుగా వచ్చినవి. ఒక్కొక్క పనికి తనదైన ఫైళ్ల దృశ్యమును చూపు సదుపాయము 2002లో చేరినది. నేమ్‌స్పేసులు అను తెరలలో అది మొదటిది. ఒక పనుల గుంపు ఎంత జ్ఞాపకశక్తిని, ఎంత కాలమును వాడవచ్చునో కొలిచి ఇచ్చు సీగ్రూపు అను సాధనము గూగుల్ ఇంజనీర్ల కృషివలన 2008 జనవరిలో చేరినది. ఈ రెంటిని జతపరచిన ఎల్‌ఎక్స్‌సి అను సాధనసముదాయము ఆ 2008లోనే వెలువడినది. కంటెయినరు అనగా వేరొక కంప్యూటరు కాదని ఇందువలన తెలియగలదు. అది అదే కెర్నెలుపై నడుచు మామూలు పనియే. చుట్టును తెర కట్టబడినది, కొలత పెట్టబడినది. ఆ మొదటి పని ముగియగానే కంటెయినరు కూడ ముగియును.

పెట్టెతో ప్రయాణము చేసిన చీటీ

2013 మార్చిలో కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో పైథాన్ భాషాభిమానుల మహాసభ జరిగినది. డాట్‌క్లౌడ్ సంస్థకు చెందిన సాలమన్ హైక్స్ అచ్చట అయిదు నిమిషముల చిన్న ప్రసంగములో డాకర్ అను క్రొత్త సాధనమును చూపెను. డాకరు గోడలను కనిపెట్టలేదు. గోడలు అప్పటికే కెర్నెలులో ఉన్నవి. డాకరు చేసిన పని మూటకట్టుట. ప్రోగ్రామును, దానికి కావలసిన ఫైళ్లన్నిటిని ఒక ఇమేజిగా కట్టి ఎవరికైనను పంపవచ్చును. ఇమేజి యనగా మూట. దానిని తెరచి నడపినప్పుడు కంటెయినరు అగును.

ఓడలపై పోవు సరకు పెట్టెనుండి ఈ పేరు వచ్చినది. 1956 ఏప్రిల్ 26న మాల్కమ్ మెక్‌లీన్ ఏర్పాటు చేసిన ఐడియల్ ఎక్స్ అను ఓడ 58 పెట్టెలతో నెవార్కునుండి హూస్టనుకు బయలుదేరుటతో ఆ పెట్టెల యుగము ప్రారంభమైనదని చెప్పుదురు. పెట్టెలో ఏమున్నదో మోయువానికి తెలియనక్కరలేదు. కాని సాఫ్టువేరు పెట్టెను తెరచిన తరువాత ఎవరో నడపవలెను. లోపల ఏమున్నదో తెలియనివాడు ఏమని ఆజ్ఞ ఇయ్యగలడు? కావున మూటతో పాటు చీటీ కూడ ప్రయాణము చేయవలసిన అవసరము కలిగినది.

2014 జూన్‌లో వెలువడిన డాకర్ 1.0 కూర్పు నాటికి మూట కట్టువాడు చీటీపై రెండు పంక్తులు వ్రాయుటకు వీలు గలదు. ఒకదాని పేరు ఎంట్రీపాయింటు, రెండవదాని పేరు సీయెమ్‌డీ. ఈ రెంటి మాటలను ఒకదాని వెనుక నొకటి చేర్చగా వచ్చిన వరుసయే కంటెయినరులో మొదట నడుచు ఆజ్ఞ. మన హోటలు ఉపమానములో "కాఫీ" అనునది ఎంట్రీపాయింటు. "పంచదారతో" అనునది సీయెమ్‌డీ.

ఇక నడపువాడు మాట మార్చు విధము చూతము. డాకర్ రన్ అని వ్రాసి, ఇమేజి పేరు వ్రాయుట మామూలు పద్ధతి. ఉబుంటు అను ఇమేజిని ఇట్లు నడపినచో దాని చీటీపై బాష్ అను షెల్ పేరు ఉన్నందున అదియే నడచును. ఇమేజి పేరు తరువాత డేట్ అని వ్రాసినచో సీయెమ్‌డీ తొలగి, ఆ స్థానములో డేట్ నడచి, తేదీని చూపి కంటెయినరు ముగియును. ఇచ్చట స్థానమే సర్వము: ఇమేజి పేరునకు ముందు వ్రాసిన మాటలు డాకరుకు చెప్పినవి, తరువాత వ్రాసినవి పెట్టెలోనికి పోవునవి. క్రొత్తవారు చేయు తప్పులలో చాల భాగము ఈ హద్దును గమనింపకపోవుటవలననే కలుగుచున్నవి.

ఇమేజికి ఎంట్రీపాయింటు ఉన్నచో, పేరు తరువాత వ్రాసిన మాటలు దానిని తొలగింపలేవు. దాని వెనుక చేరును. పంచదార మారును గాని కాఫీ మారదు. ఎంట్రీపాయింటునే మార్చవలెనన్నచో ఇమేజి పేరునకు ముందు ఆ పేరుగల ప్రత్యేక సూచనను వ్రాయవలెను. అప్పుడు ఇమేజిలోని సీయెమ్‌డీ కూడ రద్దగును. "కాఫీ వద్దు, టీ" అన్నవానికి కాఫీతో కూడిన పంచదార మాట వర్తింపదు గదా!

పోస్ట్‌గ్రెస్ అను దత్తాంశ వ్యవస్థయొక్క అధికార ఇమేజి ఈ ఏర్పాటునకు మంచి ఉదాహరణ. దాని ఎంట్రీపాయింటు ఒక చిన్న షెల్ ప్రోగ్రాము. దాని సీయెమ్‌డీ పోస్ట్‌గ్రెస్ అను ఒక్క మాట. ఆ చిన్న ప్రోగ్రాము తనకు వచ్చిన మొదటి మాటను చూచును. అది పోస్ట్‌గ్రెస్ అయినచో, సర్వాధికారమును వదలి, సామాన్య వాడుకరిగా మారి, దత్తాంశముల స్థలము ఖాళీగా నున్నచో సిద్ధము చేసి, అసలు పని ప్రారంభించును. ఆ మాట బాష్ అయినచో ఆ సన్నాహములేవియు లేకుండ బాష్‌ను నడపును. చివరకు రెండు దారులలోను జరుగునది ఎగ్జెక్. 1971 నాటి ఎగ్జెక్కే!

ఒక చిక్కు

చీటీపై ఆజ్ఞ వ్రాయుటకు రెండు రూపములున్నవి. మాటలను విడివిడిగా జాబితాగా వ్రాయుట ఒకటి. అంతయు కలిపి ఒకే వాక్యముగా వ్రాయుట మరొకటి. జాబితాగా వ్రాసినచో ఆ మాటలు నేరుగా ఎగ్జెక్‌కు పోవును. వాక్యముగా వ్రాసినచో డాకరు ముందు ఒక షెల్‌ను నిలిపి, ఆ వాక్యమును దానికి ఒప్పగించును. చూచుటకు రెండును ఒకటే. నడకలో భేదము గలదు. ఎంట్రీపాయింటును వాక్యరూపమున వ్రాసినచో, నడపువాడు ఇమేజి పేరు తరువాత చెప్పిన మాటలు ఆ పనికి చేరక మాయమగును. ఇంకొక ఇబ్బంది ఆపునప్పుడు కలుగును. డాకరు కంటెయినరును ఆపదలచినప్పుడు మొదటి పనికి ముగింపు సంకేతమును పంపి, మామూలుగా 10 సెకండ్లు వేచి, అప్పటికిని ముగియనిచో బలవంతముగా చంపును. మొదటి పనిగా నిలిచిన షెల్ ఆ సంకేతమును లోపలి ప్రోగ్రామునకు అందింపకపోవచ్చును. అప్పుడు ఆ ప్రోగ్రాము తన లెక్కలు సరిచూచుకొనకుండగనే చచ్చును.

అందరికి ఒకే వ్రాత

చీటీ ఒక్క సంస్థ వ్రాతలో నుండుట క్షేమము కాదని గ్రహించి, 2015 జూన్‌లో డాకరు సంస్థయు మరికొన్ని సంస్థలును కలిసి ఓపెన్ కంటెయినర్ ఇనిషియేటివ్ అను సంఘమును స్థాపించినవి. 2017 జూలైలో ఆ సంఘము రెండు నియమపత్రముల 1.0 కూర్పులను వెలువరించినది. ఇమేజిని గూర్చిన పత్రములో ఎంట్రీపాయింటు, సీయెమ్‌డీ రెండును ఉన్నవి. ఇవి డిఫాల్టులనియు, కంటెయినరును సృష్టించువాడు మార్చవచ్చుననియు ఆ పత్రము తెలుపుచున్నది. నడుపుటను గూర్చిన పత్రములో ఈ రెండు పేర్లును లేవు; ఒకే మాటల వరుస యున్నది. అనగా తగవు తీరిన తరువాత మిగులునది ఒక్క ఆజ్ఞయే. అది ఎవరి మాటయో నడపు యంత్రము అడుగదు.

2014లో గూగుల్ వెలువరించిన కుబర్నెటీస్ వేల కంటెయినరులను ఒక్కసారి నడపు వ్యవస్థ. అందులో పేర్లు వేరు. ఎంట్రీపాయింటును మార్చుదానికి అచ్చట కమాండు అని పేరు. సీయెమ్‌డీని మార్చుదానికి ఆర్గ్స్ అని పేరు. డాకరులో కమాండు అనగా రెండవ భాగము; కుబర్నెటీసులో మొదటి భాగము. పేరును బట్టి గాక పనిని బట్టి గుర్తుపెట్టుకొన్నవారు ఈ తికమకలో పడరు.

చివరి మాట ఎవరిది?

ఈ అధికారము ఏ సమయమున అక్కరకు వచ్చునో చూడుడు. పరీక్షా ఫలితములను చూపు ప్రోగ్రాము ఒకటి కంటెయినరులో ఉన్నదనుకొందము. ఫలితముల దినమున దానిని ప్రారంభించిన మరుక్షణమే అది ఆగిపోవుచున్నది. నడుచుచున్న కంటెయినరులోనికి మరొక ఆజ్ఞను పంపు ఎగ్జెక్ అను డాకర్ సదుపాయము 2014 అక్టోబరులో వచ్చినది గాని, ఆగిపోయిన దానిలోనికి దాని ద్వారా పోలేము. మొదటి పని ముగియగానే పెట్టె మూతపడినది. అప్పుడు డిఫాల్టును త్రోసివేసి, అదే ఇమేజిని షెల్‌తో ప్రారంభించినచో పెట్టె తెరచియే యుండును. లోపలికి పోయి ఫైళ్లను చూచి, అసలు ఆజ్ఞను మన చేతితో నడపి, ఫలానా అమరిక ఫైలు పేరులో ఒక అక్షరము తప్పినదని కనుగొనవచ్చును. డిఫాల్టు తప్ప వేరు దారి లేనిచో ఆ తప్పును వెలుపలినుండి ఊహింపవలసినదే.

దీనికి రెండు హద్దులున్నవి. పెట్టెలో లేని ప్రోగ్రామును ఎంత గట్టిగా చెప్పినను నడపజాలము. కొందరు భద్రత కొరకు షెల్ లేకుండగనే ఇమేజిని కట్టుదురు. దానిని షెల్‌తో తెరువుమన్నచో అట్టి ఫైలు లేదని సమాధానము వచ్చును. రెండవది, ఎంట్రీపాయింటును తొలగించినవాడు అందులోని సన్నాహములను, పరీక్షలను కూడ తొలగించినవాడే యగును. పోస్ట్‌గ్రెస్ ఉదాహరణలో సర్వాధికారమును వదలు మెట్టు కూడ ఆ చిన్న ప్రోగ్రాములోనే యున్నదని మరువరాదు.

మూట కట్టువారు నేర్వవలసిన పాఠము ఇంకను ముఖ్యము. డిఫాల్టు ఆజ్ఞ తాళము కాదు. తన ప్రోగ్రాము తప్ప మరేమియు నడువదని నమ్మి, కొందరు ఇమేజిలో రహస్య సంకేతపదములను ఉంచుదురు. ఆ ఇమేజి చేతికి చిక్కినవాడు డిఫాల్టును మార్చి, వేరొక ప్రోగ్రాముతో ఆ ఫైళ్లన్నియు చదువుకొనగలడు. కావున రహస్యములు పెట్టెలో ఉంచరాదు. నడపునప్పుడు బయటినుండి ఇయ్యవలెను.

1966 నాటి కార్డుపై వ్రాసిన సూచనకును, నేడు ఇమేజి పేరు వెనుక వ్రాయు మాటకును నడుమ యంత్రములు ఎన్నో మారినవి. నియమము మారలేదు. తెలిసినవాడు తెలియనివానికి చేయు ఉపకారము డిఫాల్టు. అవసరము పడినవాడు తన పూచీపై చెప్పు మాట ఓవర్‌రైడు. మొదటిదాని వలన క్రొత్త విద్యార్థియు పెట్టెను నడపగలడు. రెండవదాని వలన అది నడువనినాడు ఎందుకు నడువలేదో తెలిసికొనగలడు. ప్రయోగశాలలో కంప్యూటరు నేర్పు ఉపాధ్యాయులు మొదటిదానితో పాఠమును ప్రారంభించి, రెండవదానితో ముగించినచో, విద్యార్థికి పెట్టెను నడపుటయే గాక దాని లోపలికి తొంగి చూచుట కూడ అలవడును.